నార్వే మంచులో హట్ నుంచి హట్‌కి స్కీ ట్రిప్పు: గోదావరి జిల్లాల గ్యాంగులకి ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తాం. నార్వేలో డీఎన్‌టీ అనే సంఘం వాళ్ళ హట్లు, అంటే కొండల్లో రాత్రి బసకి కట్టిన ఇళ్ళు, పెట్టిన డబ్బుకి తగినవే. కాకపోతే వాళ్ళ పూచీ హట్ గడప దాకానే. గడప దాటాక ఉండే 20 కిలోమీటర్ల మంచు, గాలి, వీపు మీద సంచి, వీటన్నిటికీ పూచీ మీదే. మనాలీ ప్యాకేజీకి వెళ్ళినట్టు "అంతా ఆపరేటరు చూసుకుంటాడు లెండి" అనుకుని రాజమండ్రిలోనో భీమవరంలోనో ఎనిమిది మందిని పోగేసి విమానం ఎక్కితే, మొదటి రోజు మధ్యాహ్నానికే సంగతి తెలిసిపోతుంది.

డీఎన్‌టీ 1868లో పుట్టిన నార్వే పాదయాత్రికుల సంఘం. సర్కారు సంస్థ కాదు, హోటళ్ళ కంపెనీ అసలే కాదు. సభ్యుల చందాలతో, వాలంటీర్ల చాకిరీతో నడుస్తుంది. దేశం మొత్తమ్మీద 550 దాకా హట్లు ఉన్నాయి. సభ్యత్వం మనలాంటి విదేశీయులు కూడా తీసుకోవచ్చు, గ్రూపులో ప్రతి ఒక్కరూ తీసుకోవడమే మంచిది. సభ్యులకి అద్దె తక్కువ. తాళం వేసి ఉండే హట్ల తాళంచెవి కూడా డిపాజిట్టు మీద సభ్యులకే ఇస్తారు. ఒకే చెవి చాలా హట్లకి పడుతుంది. ఎనిమిది మందికి ఒక్కటి చాలనుకోకండి. రెండు తీసుకుని, ఒకటి ముందు నడిచేవారి దగ్గర, రెండోది ఆఖరున వచ్చేవారి దగ్గర ఉంచండి. చెవి ఉన్నాయన వెనకబడితే మిగతా ఏడుగురూ తలుపు ముందు చలికి వణుకుతూ నిలబడాలి.

హట్లు మూడు రకాలు: సిబ్బంది ఉండి వండి పెట్టేవి, సిబ్బంది లేకుండా సరుకులు మాత్రం ఉండేవి, సరుకులు కూడా లేనివి. మొదటిసారి వెళ్ళే మన గ్రూపులు మూడో రకం జోలికి పోనక్కర్లేదు.

సిబ్బంది ఉండే హట్‌లో సాయంత్రం అందరికీ ఒకే టైముకి, ఒకే మెనూతో భోజనం పెడతారు. సూపు, ప్రధాన వంటకం, చివర తీపి. పొద్దున టిఫిను బల్ల మీదే బ్రెడ్డు, చీజు, చేప, గుడ్డు పరిచి ఉంటాయి. అక్కడే మధ్యాహ్నానికి కావలసిన సాండ్‌విచ్‌లు ఎవరికి వారు చేసుకుని కాగితంలో చుట్టుకోవాలి, ఫ్లాస్కు నింపుకోవాలి. శాకాహారులుంటే బుకింగ్ రోజునే చెప్పాలి. అక్కడికి వెళ్ళాక చెబితే బంగాళాదుంపలతో సరిపెట్టుకోవాలి. గోధుమరంగు చీజు ఒకటుంటుంది, తియ్యగా, అది అందరికీ ఎక్కదు. ఉప్పూ కారాల గురించి ఆశలు పెట్టుకోకపోతే భోజనం బాగానే ఉంటుంది, కడుపు నిండా పెడతారు. తడిసిన బట్టలు ఆరేసుకోవడానికి వేడిగది ఉంటుంది. ఎనిమిది గంటలు నడిచిన ముప్ఫై మంది సాక్సులు అందులో వేలాడుతుంటే ఆ వాసన ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

పరుపు, దిండు, కప్పుకునే రజాయి ఇస్తారు. వాటి మీద పడుకోవడానికి సంచిలా కుట్టిన పల్చటి దుప్పటి మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి, ఇది తప్పనిసరి. కొనక్కర్లేదు. మెత్తబడిన పాత నేతచీర ఒకటి మన దర్జీకి ఇచ్చి మూడు వైపులా కుట్టించుకుంటే హాయిగా సరిపోతుంది. ఈ ట్రిప్పు మొత్తంలో కాటన్‌కి చోటు ఇక్కడొక్కటే.

సరుకుల హట్ సంగతి వేరు. గ్రూపుకి అసలు పరీక్ష అక్కడే, అసలు సరదా కూడా అక్కడే. తాళం తీస్తే లోపల కట్టెలు, కట్టెల పొయ్యి, గ్యాసు స్టవ్వు, గిన్నెలు, రజాయిలు ఉంటాయి. అల్మరాలో ఓట్స్, పాస్తా, బియ్యం, సూపు పొడులు, మాంసం డబ్బాలు, చేప డబ్బాలు, గట్టి రొట్టెలు, కాఫీ, టీ. కాపలా ఎవరూ ఉండరు. ఏం వాడారో మీరే రాసుకుని, ధరల పట్టీ చూసి మీరే లెక్కకట్టి డబ్బు కట్టాలి. ఈ నమ్మకం మీదే వ్యవస్థ అంతా నడుస్తోంది. మేం ఈ సర్వీసుకి మార్కులు వేసేది కూడా ముందు దీనికే.

లోపలికి అడుగు పెట్టగానే రిజిస్టరులో పేర్లు, ఎక్కణ్ణించి వచ్చారు, రేపు ఎటు వెళ్తారు అన్నది రాయాలి. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్ళు ముందు చూసేది ఆ పుస్తకమే. ఆ తర్వాత పనులు పంచుకోవాలి: ఇద్దరు పొయ్యికి, ముగ్గురు నీళ్ళకి, ఒకరు వంటకి, మిగతావాళ్ళు మర్నాటి కట్టెలు చీల్చడానికి. అందరూ కలిసి పొయ్యి చుట్టూ చేరితే గంట గడిచినా తాగడానికి నీళ్ళుండవు.

పొయ్యి అంటించే ముందు పొగగొట్టం మూత పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే గది పొగతో నిండిపోతుంది. గొట్టం చల్లబడి ఉంటుంది కాబట్టి మొదట సన్నపుల్లలు, బర్చ్ చెట్టు బెరడుతో చిన్న మంట వేసి గొట్టం వేడెక్కనివ్వాలి. పెద్ద దుంగలు ఆ తర్వాతే. మంట బాగా రాజుకోకముందే గాలి తగ్గించేస్తే కట్టె కుమిలి విషవాయువు పుడుతుంది, దానికి వాసన ఉండదు. కట్టెలు పూర్తిగా బూడిదయ్యేదాకా పొగగొట్టం మూయకండి.

నీళ్ళ లెక్క మన డెల్టా వాళ్ళకి కొత్త. కాలవ పక్కన పుట్టి పెరిగినవాళ్ళం, నీళ్ళు కొలుచుకుని వాడటం మనకి అలవాటు లేదు. దగ్గరలో వాగో చెరువో ఉండి, మంచులో గొయ్యి తవ్వి ఉంటే అక్కడ తోడుకోవచ్చు. లేదంటే మంచు కరిగించుకోవడమే. రాత్రి వంట, టీలు, పొద్దున టిఫిను, ఫ్లాస్కులు అన్నిటికీ కలిపి మనిషికి మూడున్నర లీటర్లు వేసుకున్నా ఎనిమిది మందికి 28 లీటర్లు. గాలికి గట్టిపడిన మంచు పది లీటర్ల బకెట్టు కరిగిస్తే మూడు లీటర్ల పైచిలుకు వస్తుంది. అప్పుడే కురిసిన పొడిమంచయితే ఒక్క లీటరే. అంటే గట్టి మంచు తొమ్మిది బకెట్లు, లేదా పొడిమంచు ఇరవై ఎనిమిది బకెట్లు. అందుకే పారతో గట్టి మంచు ముక్కలుగా కోసి తెచ్చుకోవాలి. గిన్నె అడుగున గ్లాసుడు నీళ్ళు పోశాకే మంచు వెయ్యండి. ఉత్త మంచు పొయ్యి మీద పెడితే అడుగు మాడి, ఆ మాడు వాసన రేపటి టీ దాకా వదలదు. మంచు తెచ్చే చోటు మరుగుదొడ్డికి, బూడిద పోసే చోటికి దూరంగా, గాలి వచ్చే వైపు ఉండాలి.

వంటకి కందిపప్పు మోసుకెళ్ళకండి. వెయ్యి, పన్నెండువందల మీటర్ల ఎత్తులో నీళ్ళు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కరు ఉండదు, కందిపప్పు ఉడికేలోపు గ్యాసు ఖర్చు, ఆకలి రెండూ పెరుగుతాయి. పెసరపప్పయితే త్వరగా ఉడుకుతుంది. అన్నిటికన్నా తేలిక కందిపొడి, కరివేపాకు కారం. అల్మరాలో బియ్యం దొరుకుతాయి కాబట్టి పొడులుంటే భోజనం గడిచిపోతుంది. ఆవకాయ చిన్న డబ్బాలో, రెండు కవర్లు చుట్టి పెట్టుకోండి. సంచిలో నూనె కారితే రజాయిలు పాడవుతాయి, పరువూ పోతుంది. నెయ్యి, కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం ఇంటి దగ్గరే వదిలేయండి. భారతదేశం నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు నార్వేలోకి తీసుకెళ్ళకూడదు.

మరుగుదొడ్డి గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు కాబట్టి మేమే చెబుతున్నాం. చాలా హట్లలో అది బయట విడిగా కట్టిన చెక్క గది. నీళ్ళుండవు, కింద గొయ్యే. నీళ్ళు లేనిదే కుదరదనుకుంటే అర లీటరు సీసాలో గోరువెచ్చటి నీళ్ళు పట్టుకెళ్ళండి, అంతే వాడండి. నేల మీద, బల్ల మీద ఒలికిన నీరు నిమిషాల్లో గడ్డకట్టి తర్వాత వచ్చేవాళ్ళని జారేస్తుంది. ముందు మీ గ్రూపువాళ్ళే పడతారు.

పొద్దున బయల్దేరడానికి గంటసేపు పని ఉంటుంది. బూడిద ఇనప బకెట్టులోకి ఎత్తి చెప్పిన చోట పోయాలి, కట్టెల బుట్ట నింపాలి, గిన్నెలు తోమాలి, నేల తుడవాలి, మిగిలిన నీళ్ళు పారబోయాలి, ఉంచితే గడ్డకట్టి పాత్ర పగులుతుంది. చెత్త మీతోనే కిందికి తేవాలి. ఆఖరున కిటికీ తలుపులు, బయటి తలుపు గట్టిగా బిగించాలి. వేలెడు సందు వదిలినా ఒక్క తుఫాను రాత్రిలో లోపలంతా మంచు నిండిపోతుంది.

ఏ దారి అంటే, మొదటిసారికి ఫిన్సె చుట్టుపక్కల ప్రాంతం మా ఓటు. ఓస్లో, బెర్గెన్‌ల మధ్య రైలు మార్గంలో 1,222 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషను అది, నార్వే రైల్వేలో అన్నిటికన్నా ఎత్తయినది. ఊరికి కారు రోడ్డు లేదు, రైలు దిగితే హట్ అల్లంత దూరంలో కనబడుతుంది. అక్కణ్ణించి దక్షిణంగా హర్దంగర్‌విద్దా పీఠభూమి వైపు షెల్డెబు, క్రెక్యా హట్లున్నాయి. క్రెక్యా 1878 నాటిది. ఫిన్సె, క్రెక్యాల్లో వండి పెడతారు, షెల్డెబు సరుకుల హట్. ఈ మూడూ కలుపుతూ ఒక త్రికోణం తిరిగితే రెండు రకాల బసా తెలుస్తుంది. ఒక్కో మజిలీ 20 కిలోమీటర్లకి అటూ ఇటూ. ఆగడాలతో కలిపి గంటకి మూడు కిలోమీటర్లు లెక్కేసుకోండి, ఏడు గంటలు పడుతుంది. ఆ ఏడాది ఏ హట్ ఎలా నడుస్తోందో, ఏ తేదీల్లో తెరుస్తున్నారో బుకింగ్‌కి ముందు చూసుకోవాలి. ఎత్తు గురించి బెంగ అక్కర్లేదు, సముద్రమట్టం నుంచి వెళ్ళినా ఈ ఎత్తుకి ఊపిరి ఆడకపోవడం ఉండదు.

దారి పొడుగునా మంచులో గెడలు పాతి ఉంటాయి. కొన్ని బర్చ్ కొమ్మలు, కొన్ని వెదురు గెడలు. మన తోటల్లో అరటి గెలలకి పోటు పెట్టే వెదురు అక్కడ ప్రాణం నిలబెడుతుందన్నమాట. ఈ గెడలు సాధారణంగా ఈస్టరుకి ముందు వారాల్లో పాతుతారు, సీజను అయ్యాక ఉండవు. గెడలున్నాయి కదా అని మ్యాపు, దిక్సూచి సంచి అడుగున పెట్టేయకండి. గాలికి మంచు లేస్తే పక్క గెడ కూడా కనబడదు. గెడలున్న దారి అన్ని రోజుల్లోనూ హిమపాతం నుంచి, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి కిందికి దూసుకురావడం నుంచి, క్షేమమని కూడా కాదు. 30 డిగ్రీలకి మించిన వాలు మీదికే కాదు, దాని కిందికి కూడా పోకూడదు. వాలు ఎత్తుకి మూడు రెట్ల దూరం దాకా మంచు దూసుకురాగలదు. ప్రాంతాలవారీ హిమపాతం హెచ్చరికలు వర్సోమ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో 1 నుంచి 5 అంకెల్లో, ఇంగ్లీషులో కూడా ఇస్తారు. బయల్దేరే ముందు హట్ సిబ్బందిని అడగడం అంతకన్నా మంచిది.

అక్కడ గాలి వేగం సెకనుకి మీటర్లలో చెబుతారు. "15" అని చూసి చిన్న అంకె అనుకునే ప్రమాదం ఉంది. 3.6తో హెచ్చవేయండి, గంటకి 54 కిలోమీటర్లు. 17 దాటిందంటే మన వాతావరణ శాఖ బంగాళాఖాతంలో తుఫాను అని పేరు పెట్టే స్థాయి. 1996 నవంబరు 6 రాత్రిని చూసిన కోనసీమ వాళ్ళకి గాలంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు, కానీ ఇక్కడ గాలికి చలి తోడవుతుంది. మైనస్ 10 డిగ్రీల్లో సెకనుకి 15 మీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలేది మైనస్ 22. మా లెక్కలో సూచనలో 12 ఉంటే ఆలోచించాలి, 15 ఉంటే హట్‌లోనే పేకాట. నార్వే వాళ్ళు 1952 నుంచి చెప్పుకుంటూ వస్తున్న కొండ నియమాల్లో ఒకటి, వేళకి వెనక్కి తిరగండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని. మన గ్రూపుల్లో దీన్ని పాటించడమే కష్టం. ఎవరో ఒకరు "ఇంత దూరం వచ్చి" అని మొదలెడతారు.

స్కీలు మోసుకెళ్ళొద్దు, యైలో లాంటి ఊళ్ళలో అద్దెకి దొరుకుతాయి. అడగవలసింది ఫియెల్‌స్కీ అని. అంచుకి ఉక్కు పట్టీ ఉండి, తయారుచేసిన ట్రాకు మీద వాడే స్కీ కన్నా కాస్త వెడల్పుగా ఉంటాయి. వాటితోపాటు అడుగున అంటించే పొట్టి స్కిన్ను పట్టీలు తీసుకోండి. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా ఆపేవి అవే. జిగురు మీద మంచు పడితే మళ్ళీ అంటదు, అందుకే తీసిన వెంటనే మడిచి జాకెట్టు లోపల పెట్టుకోవాలి. స్కీ అడుగున రుద్దే వ్యాక్సు వాడేవాళ్ళకి చలికి నీలం, సున్నాకి దగ్గర పడుతుంటే వంగపండు, ఎరుపు. పొద్దున వేసిన మెత్తటి వ్యాక్సు మీద మధ్యాహ్నం కొత్త పొడిమంచు తగిలితే స్కీ అడుగున గడ్డలు కడతాయి, నడక ఆగిపోతుంది. గీకి, గట్టి వ్యాక్సు పల్చగా రుద్దడమే మందు. బూట్లు మాత్రం అద్దె షాపులో సాక్సులతో సహా వేసుకుని పావుగంట తిరిగి చూడండి. మడమ కొద్దిగా లేస్తున్నట్టనిపించినా మార్చేయండి, రెండో రోజుకి బొబ్బ గ్యారంటీ. ఎర్రబడగానే టేపు వెయ్యాలి, బొబ్బ లేచాక కాదు.

ఇక కాటన్. మన బనియన్లు, లోదుస్తులు, మన ఊళ్ళో థర్మల్స్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని కూడా కాటనే, లేబులు చదవండి. నడిచేటప్పుడు పట్టిన చెమట కాటన్‌లో ఆరదు. ఆగిన ఐదు నిమిషాల్లో ఒళ్ళు చల్లబడిపోతుంది. ఒంటికి తగిలేది ఉన్ని గానీ పాలిస్టరు గానీ ఉండాలి. దాని మీద ఇంకో పల్చటి ఉన్ని, పైన గాలి చొరబడని జాకెట్టు. ఆగినప్పుడు వేసుకునే లావుపాటి జాకెట్టు సంచి పైభాగానే ఉండాలి. చెయ్యి తొడుగులు రెండు జతలు, గాలికి ఒక జత ఎగిరిపోతే వేళ్ళు పోతాయి. గ్రూపు సామానులో ఇద్దరికొక మంచు పార, గాలి నుంచి తలదాచుకోవడానికి ముగ్గురు నలుగురు దూరి కూర్చోగల గాలి సంచి, హెడ్‌లైట్లు, స్కీ కొన విరిగితే తొడిగే అదనపు కొన, స్క్రూలు, ఇనప తీగ, గట్టి టేపు ఉండి తీరాలి. గాలి సంచి బరువని వదిలేసే గ్రూపుతో మాత్రం మీరు వెళ్ళకండి. మనిషి సంచి మొత్తం 10, 12 కిలోలు దాటితే దిగుడులో పడటాలు మొదలవుతాయి.

సాధన సంగతికొస్తే, మన దగ్గర మంచు లేదు, వాలు కూడా లేదు. కానీ దమ్ము పెంచుకోవడానికి ఏటిగట్టు ఉంది, కాళ్ళకి బలం రావడానికి అంతర్వేది, ఓడలరేవు ఇసక ఉంది. మూడు నెలల ముందు నుంచి 8 కిలోల సంచితో వారానికి మూడు రోజులు, అందులో ఒక రోజు ఐదారు గంటలు నడవాలి. చేతికర్రలతో నడిస్తే భుజాలకీ అలవాటవుతుంది. దీనితో దమ్ము వస్తుంది గానీ స్కీ రాదు. అది నేర్చుకోవడానికి హట్ల బాట పట్టేముందు యైలోలో మూడు నాలుగు రోజులు టీచరుతో గడపాలి. ముందుకి జారడం ఒక్కరోజులో వస్తుంది. బరువు సంచితో వాలు దిగుతూ ముందు కొసలు దగ్గరకి, మడమలు దూరంగా పెట్టి వేగం చంపడం రావడానికే మిగతా రోజులన్నీ. అది రానివాళ్ళు గ్రూపులో ఒక్కరున్నా ఆ ఏడాదికి ఫిన్సె హట్‌లోనే ఉండి రోజూ చుట్టుపక్కల తిరిగి రావడం మేలు. అనుభవమున్న మనిషి లేకపోతే గైడుని పెట్టుకోండి, డీఎన్‌టీయే గైడుతో గ్రూపు ట్రిప్పులు నడుపుతుంది.

గ్రూపు ఆరుగురి నుంచి ఎనిమిది మంది. పెళ్ళివారిలా పదిహేను మంది దిగితే సరుకుల హట్ మీతోనే నిండిపోతుంది, దారిలో మొదటివారికీ ఆఖరివారికీ మధ్య గంట తేడా వస్తుంది. గ్రూపు వేగం అంటే అందరికన్నా నెమ్మదస్థుడి వేగం, అతన్ని రెండో స్థానంలో నడిపించాలి. యాభై నిమిషాలకోసారి ఆగాలి, పది నిమిషాలు మించకూడదు.

సీజను మార్చి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా. ఫిబ్రవరిలో చలి ఎక్కువ, వెలుతురు తక్కువ. మార్చి చివరికి పన్నెండు గంటల పైన వెలుతురు ఉంటుంది. ఈస్టరు వారం మాత్రం వద్దు. సంక్రాంతికి భీమవరంలో లాడ్జి గది వెతుక్కున్నట్టే ఉంటుంది. వచ్చినవాళ్ళని మంచులోకి తిప్పి పంపరు నిజమే, కానీ భోజనాల గదిలో నేల మీద పరుపుతో సరిపెట్టుకోవాలి. 2027లో ఈస్టరు మార్చి 28న, కాబట్టి ఆ ఏడాది మార్చి మొదటి రెండు వారాలు చూసుకోండి. ఖర్చు గట్టిదే. సిబ్బంది ఉండే హట్‌లో బస, భోజనాలు కలిపి సభ్యులకి కూడా మనిషికి రోజుకి పదివేల రూపాయల చుట్టూ అవుతుంది. సరుకుల హట్‌లో చాలా తగ్గుతుంది. వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్సు ఎలాగూ తప్పదు. మామూలు పాలసీల్లో స్కీయింగ్ ఉండకపోవచ్చు, విడిగా చేర్పించండి. అక్కడ కొండల్లో వెతికి తెచ్చినందుకు బిల్లు వెయ్యరు, ఆస్పత్రి బిల్లు మాత్రం మీదే. ఆపదలో 112. చాలాచోట్ల సిగ్నలు ఉండదు కాబట్టి శాటిలైటు పరికరం ఒకటి అద్దెకి తీసుకుంటే మంచిది.

తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకోండి. గాలివాన రోజుల్లో హట్‌లోనే చిక్కుకోవచ్చు, ఒక్కోసారి ఆ రైలు మార్గం కూడా మూస్తారు. ట్రిప్పు ముగించి ఫిన్సె చేరిన రోజు రాత్రికే ఓస్లోలో విమానం పెట్టుకోవడం తెలివి కాదు. సరుకుల హట్ లెక్క కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టుకుంటే, ఫిన్సెలో సిగ్నలు రాగానే యాప్‌లో కట్టేయవచ్చు. ఎనిమిది మందిదీ ఒకరే కట్టేసి, ఎవరెన్ని చేప డబ్బాలు తిన్నారన్న పంచాయితీ రైల్లో పెట్టుకోండి. ఓస్లో దాకా నాలుగు గంటల పైనే టైముంటుంది.